మిషను బడి గురించి సంఘ పెద్దలకు

తెలుగు నేలమీది ప్రొటెస్టెంట్ సంఘాల బిషప్పులకు, అధ్యక్షులకు, బడుల కరస్పాండెంట్లకు,



సంక్రాంతి సెలవులైన మర్నాడు ముగ్గురు మనుషులు మా ఊరి మిషను బడికి వచ్చారు. చేతిలో టేపు. ఒకాయన గోడ ఈ మూల పట్టుకుంటే ఇంకొకాయన ఆ మూలదాకా లాక్కెళ్ళాడు, మూడో ఆయన చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. పొడవు నలభై రెండడుగులు, వెడల్పు పద్దెనిమిది. తర్వాత బయటికి పోయి వేపచెట్టు దగ్గర నుంచి రోడ్డుదాకా కొలిచారు. "ఎన్ని షట్టర్లు పడతాయి?" అని ఒకాయన అడగడం నా చెవిన పడింది. లోపల పదిహేడుమంది పిల్లలు ఎక్కాలు చదవడం ఆపేసి వాళ్ళనే చూస్తున్నారు. మూడో తరగతి పిల్ల ఒకతి నా దగ్గరికొచ్చి, "మనకి కొత్త బడి కడతారా తాతా?" అని అడిగింది.

ఆ పిల్లకి నేను జవాబు చెప్పలేకపోయాను. జవాబు మీ దగ్గరుంది కాబట్టి మీకు రాస్తున్నాను.

ఆ మనుషుల్ని ఎవరు పంపారో, ఆ స్థలం ఏ సంఘం పేరున ఉందో ఇక్కడ రాయను. ఒక్క సంఘం సంగతే అయితే నేనే బస్సెక్కి ఆ ఆఫీసుకు పోయి చెప్పుకునేవాణ్ణి. గుండ్లకమ్మ ఒడ్డు నుంచి గోదావరి దాకా పెళ్ళిళ్ళకీ, చావులకీ, ఉజ్జీవ కూటాలకీ నేను వెళ్ళిన ఊళ్ళలో తాళం పడిన మిషను బళ్ళు ఎన్నో చూశాను. పెంకులు జారిపోయినవి, గడ్డివాములు పెట్టుకున్నవి, అద్దెకిచ్చినవి. లూథరన్ వాళ్ళదీ, బాప్టిస్టు వాళ్ళదీ, సీఎస్సై వాళ్ళదీ ఒకటే తీరు. అందుకే అందరికీ కలిపి, అందరూ చదివేలా రాస్తున్నాను.

నేను ఆ బడిలోనే ఓనమాలు దిద్దాను. ట్రైనింగు ముగించుకొని అక్కడే ఎయిడెడ్ పోస్టులో చేరి, అక్కడే రిటైరయ్యాను. నా పోస్టులో మళ్ళీ ఎవర్నీ వెయ్యలేదు. ఉన్న ఒక్క టీచరమ్మ ఐదు తరగతులూ చూడలేక అల్లాడుతుంటే నేను రోజూ పొద్దున్నే పోయి ఒకటీ రెండూ తరగతుల్ని నా ముందు కూర్చోబెట్టుకుంటున్నాను. ఇది చెప్పుకోవడం గొప్పకి కాదు. ఈ మాటలు రాస్తున్నవాడు ఆ బడి నేలమీద రోజూ కూర్చునేవాడని మీకు తెలియాలి.

బడి కోసం పెద్దలకు బహిరంగ లేఖ రాయడం మన మతంలో మొదటినుంచీ ఉన్నదే. 1524లో మార్టిన్ లూథర్ జర్మనీ పట్టణాల పాలకమండళ్ళకు అలాంటి లేఖే అచ్చువేసి పంపాడు. తుపాకులకీ, బాటలకీ, వంతెనలకీ ఏటేటా అంత సొమ్ము పోస్తున్నారే, పేద పిల్లలకు చదువు చెప్పే ఒకరిద్దరు పంతుళ్ళకు ఇవ్వడానికి చేతులెందుకు రావని అడిగాడు. మగపిల్లలతో పాటు ఆడపిల్లలూ రోజూ కాసేపు బడికి రావాలన్నాడు. ఐదువందల ఏళ్ళ కిందటి ఆ ఉత్తరం చదివితే మా ఊరి బడి గురించి రాసినట్టే ఉంటుంది నాకు.

ఆయన పట్టు వెనక ఉన్న కారణం మీకు నేను చెప్పాల్సినది కాదు, అయినా చెబుతాను. ప్రతి మనిషీ తన చేత్తో వాక్యం విప్పుకొని, తన కళ్ళతో, తన భాషలో చదువుకోవాలన్నది ప్రొటెస్టెంట్ విశ్వాసానికి పునాది. చదవడం రానివాడికి ఆ విశ్వాసం సగమే అందుతుంది. 1805లో లండన్ మిషను వాళ్ళు విశాఖపట్నంలో దిగి చేసిన మొదటి పనుల్లో తెలుగు నేర్చుకోవడం ఒకటి, బడి పెట్టడం ఒకటి. ఆనందరావు అనే తెలుగు బ్రాహ్మణుడి సాయంతో వాళ్ళు తెలుగు చేసిన సువార్తలు 1812లో సెరంపూర్‌లో అచ్చయ్యాయి. 1842లో గుంటూరు వచ్చిన మిషనరీ హయ్యర్ దొర కూడా బడితోనే మొదలుపెట్టాడు. గుడి వెనకాల బడి రాలేదు. చాలా ఊళ్ళలో బడే ముందొచ్చింది, ఆదివారం నాడు అదే గుడి అయింది.

మాదీ అలాంటిదే. సోమవారం నుంచి శనివారం దాకా బడి, ఆదివారం ఆరాధన. నల్లబల్ల తిప్పి గోడకు ఆనిస్తే ప్రసంగ పీఠానికి చోటు దొరికేది. మా పంతులుగారే అయ్యగారు. ఆయన భార్యను మేము అమ్మగారనేవాళ్ళం. ఆమె ఆడపిల్లలకు కుట్టుపని, మాకందరికీ పాటలు నేర్పేది. వాళ్ళిద్దరి జీతం కలిపితే ఒక సంసారానికి చాలేది కాదు. పల్లెలో ఆడవాళ్ళు పొయ్యిమీద ఎసరు పెట్టిన ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం తీసి కుండలో వేసేవాళ్ళు. ఆదివారం ఆ కుండలు గుడికి వచ్చేవి. మా అమ్మ రెండు పూటలా తినని రోజుల్లో కూడా ఆ పిడికెడు తీయడం నేను చూశాను. జొన్నలు వండిన రోజు జొన్నలే తీసేది. ఆ గింజలతోనే మా బడి నిలబడింది. అమెరికా డబ్బుతో ఈ బళ్ళు నడిచాయని ఎవరైనా అంటే నాకు ఆ కుండ గుర్తొస్తుంది. అమెరికా నుంచి వచ్చినది లేదని అనను. మధ్యాహ్నం పూట కేర్ సంస్థ వాళ్ళ మొక్కజొన్న రవ్వతో ఉప్మా మేమూ తిన్నాం, పాలపొడి కలిపిన పాలు మేమూ తాగాం. ఆ పాలకోసమే బడికొచ్చిన రోజులున్నాయి. కానీ పంతులుగారింట్లో పొయ్యి వెలిగింది మాత్రం పల్లె ఆడవాళ్ళ పిడికిళ్ళతో.

ఇక పాటల సంగతి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం మీ అందరి ఇళ్ళలో ఉంటుంది. పాట పైన రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి గారి లాంటివాళ్ళు కట్టిన కీర్తనలు అవి. రామాలయం మెట్టు ఎక్కనివ్వని పిల్లలం మేము. ఊళ్ళో భజన జరుగుతుంటే దూరంగా నిలబడి వినేవాళ్ళం. అదే మేము బడిలో ఆ పుస్తకం విప్పుకొని కాంభోజి అనీ, మధ్యమావతి అనీ, ఆదితాళం అనీ చదివేవాళ్ళం. ఆ రాగం అచ్చంగా ఎలా ఉంటుందో మాకు తెలియదు, మా అమ్మగారికి వచ్చిన వరసలోనే పాడేవాళ్ళం. కానీ ఆ పేర్లు మా నోట్లో పలికాయి. ఒక సంపద మీద మనకూ హక్కుందని పిల్లవాడికి తెలియడం ఎంత పెద్ద పాఠమో, మా తరం వాళ్ళకు చెప్పనక్కర్లేదు.

బడి బీరువాలో పాత అడ్మిషన్ రిజిస్టరు ఒకటి ఉండేది. అట్ట ఊడిపోయి, అంచులు చెదలు తిన్నది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో దాన్ని తిరగేశాను. మా తాత పేరు దొరికింది. ఊళ్ళో మా తాతను అందరూ కోటిగాడు అనే పిలిచేవాళ్ళు. ఆయన ముసలివాడయ్యాక కూడా పదేళ్ళ పిల్లలు "ఒరే కోటిగా" అనడం నేను చెవులారా విన్నాను. ఆ రిజిస్టరులో, సిరాతో, గుండ్రటి అక్షరాల్లో, ఇంటిపేరుతో సహా 'కోటయ్య' అని ఉంది. ఎదురుగా పుట్టినతేదీ జూలై 1. మా పల్లెలో సగం మందికి పుట్టినరోజు జూలై ఒకటే. తల్లి "గాలివాన వచ్చిన ఏడు, నాట్లప్పుడు" అని చెబితే పంతులుగారు లెక్కకట్టి ఒక సంవత్సరం రాసి, తేదీ దగ్గర జూలై 1 వేసేవారు. ఆ తేదీ సరైనది కాకపోవచ్చు. ఆ 'అయ్య' మాత్రం సరైనది. ఏడేళ్ళ పిల్లవాడి పేరు చివర ఆ రెండక్షరాలు పెట్టిన పంతులు ఎవరో నాకు తెలియదు. మన బళ్ళ విలువలేమిటని నన్నెవరైనా అడిగితే నేను ఆ పుట చూపిస్తాను.

ఆ రిజిస్టరు ఇప్పుడు లేదు. బీరువాతో పాటు పాత సామాను కింద పోయింది. ఎవరి తప్పని నేను వెతకలేదు. కానీ మీ కింద ఉన్న బళ్ళలో ఇలాంటివి ఇంకా మిగిలి ఉంటాయి. మన ఇళ్ళలో మొదట అక్షరం దిద్దినది ఎవరో చెప్పే కాగితం ప్రపంచంలో ఇంకెక్కడా దొరకదు. దయచేసి వాటిని తూకానికి అమ్మనివ్వకండి.

ఇప్పుడు అసలు మాటకొస్తాను. మన చరిత్రలో రెండు బళ్ళున్నాయి, ఆ రెండింటి మధ్య ఏదో ఒకటి ఎంచుకోవలసిన పని మీమీద పడింది.

మొదటిది మచిలీపట్నంలో. 1843లో రాబర్ట్ నోబుల్ గారు పెట్టిన బడి. తెలుగుదేశంలో ఇంగ్లీషు చదువుకు అది పెద్ద వేరు. నోబుల్ గారు పెళ్ళి కూడా చేసుకోకుండా ఆ బడికే జీవితం ఇచ్చి, 1865లో ఆ ఊళ్ళోనే కన్నుమూశారు. ఆయన త్యాగాన్ని తక్కువ చేసే అర్హత నాకు లేదు. కానీ ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ బడిలో మాల మాదిగల పిల్లలకు చోటు లేదు. పై కులాల వాళ్ళకు ముందు చదువు చెబితే వాళ్ళనుంచి వెలుగు కిందికి దిగుతుందని ఆయన నమ్మారు. మంచి మనసుతోనే నమ్మారు. మా తాతలు ఆ వెలుగు కోసం చూస్తూ ఉండిపోయారు.

రెండోది ఒంగోలులో. 1866లో వచ్చిన మిషనరీ క్లౌ దొర కూడా ముందు అలాంటి బడే మొదలుపెట్టాడు. ఊరి పెద్దలే పిల్లల్ని పంపారు, ఫీజులూ ఇస్తామన్నారు. అంతలో తాళ్ళకొండపాడు నుంచి యర్రగుంట్ల పేరయ్య, ఆయన వెనక మరికొందరు మాదిగలు వచ్చారు. తోళ్ళ వ్యాపారం చేసుకునే పేరయ్యకు చదువు రాదు. వీళ్ళను చేర్చుకుంటే మా పిల్లలు ఉండరని ఊరి పెద్దలు చెప్పేశారు. ఆ రాత్రి క్లౌ ఒక గదిలో, ఆయన భార్య ఇంకో గదిలో, ఒకరికొకరు చెప్పుకోకుండా బైబిలు తెరిచారనీ, ఇద్దరికీ కొరింథీయుల మొదటి పత్రిక మొదటి అధ్యాయంలో ఒకటే చోటు కనపడిందనీ ఆయనే తన పుస్తకంలో రాసుకున్నాడు. లోకం లెక్కలో లేనివాళ్ళను దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే వచనాలవి. తెల్లారాక ఆయన పేరయ్యవాళ్ళనే ఉంచుకున్నాడు. పెద్దిళ్ళ పిల్లలు వెళ్ళిపోయారు. బల్లలు ఖాళీ అయ్యాయి.

ఒంగోలు సంఘం గురించి ఎవరు మాట్లాడినా 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన సంగతే చెబుతారు. అంతకు ముందు కరువు. 1876 నుంచి 78 దాకా జనం రాలిపోతుంటే క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి ఇప్పించాడు. గంజి కోసం వచ్చారన్న మాట పడకూడదని ఆ కరువు సాయం నడిచినన్నాళ్ళూ ఎవ్వరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఈ కథలన్నీ గొప్పవే. నా మటుకు నాకు వీటన్నిటికంటే గొప్పది ఆ ఖాళీ అయిన బల్లల రోజు. ఒక దొర తన బడి పాడైపోతుందని తెలిసి కూడా తలుపు తీసి ఉంచిన రోజు. తర్వాత ఎన్నో పల్లెలకు బళ్ళు వచ్చాయన్నా, వాటికి రామాయపట్నం సెమినరీలో చదివిన తెలుగు పంతుళ్ళు వచ్చారన్నా ఆ రోజు వల్లే.

ఇవాళ మీ ముందున్నది కూడా అదే లెక్క. టౌనులో ఉన్న స్థలంలో మూడంతస్తుల ఇంగ్లీషు మీడియం స్కూలు కడితే ఫీజులొస్తాయి, పేరొస్తుంది, డొనేషన్లొస్తాయి. పల్లెలో పదిహేడుమంది పిల్లలున్న బడికి ఖర్చే తప్ప రాబడి లేదు. నేను ఇంగ్లీషుకు ఎదురు చెప్పేవాణ్ణి కాదు. మా పిల్లలకు ఇంగ్లీషు రావాలి, బాగా రావాలి. టౌను స్కూళ్ళు కూడా ఉండనివ్వండి. కానీ అక్కడి ఫీజులో కొంతైనా ఈ పల్లెబళ్ళకు రావడం లేదెందుకు? ఆ స్కూళ్ళలో మన పల్లె పిల్లలు ఎంతమంది కూర్చున్నారు? మీ వార్షిక సభల్లో పాస్ శాతం చదివి వినిపిస్తారు. చేర్చుకోకుండా వెనక్కి పంపిన పిల్లల లెక్క ఒక్క సభలోనూ నేను వినలేదు.

కులం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, లేకపోతే నేను నిజం దాచినట్టవుతుంది. మేము ఊరివాళ్ళ చేతిలో అంటరానితనం అనుభవించిన మాట ఎంత నిజమో, మన సంఘాల్లో మాల గుడి, మాదిగ గుడి వేరుగా ఉన్న ఊళ్ళున్నాయన్నది అంతే నిజం. దోర్నకల్ బిషప్పుగా 1912లో అభిషేకం పొందిన అజరయ్య గారు, భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్పు, బతికినన్నాళ్ళూ ఈ తేడాతో పోరాడారు. 1945లో పోయేనాటికీ ఆ పోరాటం ముగియలేదు. మా బడిలో మాత్రం ఒక పద్ధతి ఉండేది. రోజూ పొద్దున బడి ఊడవడానికి ఇద్దరేసి పిల్లల వంతు. ఒకడు ఈ వాడ, ఇంకొకడు ఆ వాడ. శనివారం నాడు పంతులుగారు చీపురు తీసుకునేవారు. ఒకే కడవలో నీళ్ళు, ఒకే గ్లాసు. ఎవరైనా ముఖం చిట్లిస్తే పంతులుగారు ఏమీ అనేవారు కాదు. తనే ఆ గ్లాసు తీసుకొని అందరి ముందూ తాగి మళ్ళీ కడవమీద బోర్లించేవారు. మా బడికి ఊళ్ళోంచి దూదేకుల పిల్లలు వచ్చేవాళ్ళు, వడ్డెర పిల్లలు వచ్చేవాళ్ళు. కొన్నాళ్ళకు ఒక కమ్మవారి అబ్బాయి కూడా వచ్చాడు. వాళ్ళ నాన్న మొండివాడు, మంచి మొండివాడు. ఆ అబ్బాయి ఆ గ్లాసుతోనే తాగాడు.

ఆ పిల్లల మతం గురించి మీరు మనసులో అడుగుతారేమో, బయట చాలామంది గట్టిగానే అడుగుతున్నారు. మిషను బడి అంటే మతం మార్చే బడేనా అని. మా పంతులుగారు పొద్దున్న ప్రార్థన చేసేవారు. వాక్యం కంఠతా పెట్టించే గంటలో దూదేకుల పిల్లల్ని "మీరు లెక్కలు చేసుకోండి నాయనా" అని వేపచెట్టు కిందికి పంపేవారు. ప్రభుత్వ సాయం తీసుకునే బడిలో తల్లిదండ్రుల సమ్మతి లేకుండా ఏ పిల్లవాణ్ణీ మతబోధకు కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతున్నదని నాకు ట్రైనింగులో తెలిసింది. మా పంతులుగారు ఆ అధికరణం చదివి ఉండకపోవచ్చు. పిల్లవాడి ఆకలినీ, వాడి చదువు ఆశనూ ఎరగా వాడటం పాపమని ఆయనకు తెలుసు. కరువులో బాప్తిస్మాలు ఆపిన క్లౌకూ అదే తెలుసు. 30వ అధికరణం మనకు బళ్ళు పెట్టుకునే హక్కు ఇచ్చింది. కోర్టులో మనం ఆ హక్కు మాట్లాడే ప్రతిసారీ, ఆ బడిలో మనవాళ్ళు కాని పిల్లలు ఎంత నిర్భయంగా కూర్చున్నారో కూడా చూపించగలగాలి.

నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధించేది ఇంకొకటుంది. మన బడిలో మొదటి పాఠం అబద్ధం చెప్పకూడదని. ఆ బడిలో చేరే రోజే పిల్లవాడి పేరు పక్కన మతం గడిలో ఏం రాయాలో తెలియక తల్లి నా ముఖం చూస్తుంది. క్రైస్తవుడని రాస్తే ఎస్సీ సర్టిఫికెట్ రాదు. బీసీ-సీ కింద ఉన్నది ఒక్క శాతం. హిందువని రాస్తే వాడి చదువుకు, ఉద్యోగానికి దారి ఉంటుంది. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా వల్ల వచ్చిన చిక్కు ఇది. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ తలుపు తెరిచారు. మనకు తెరవలేదు. దీనిమీద వేసిన కేసు 2004 నుంచి సుప్రీంకోర్టులో నడుస్తూనే ఉంది. నా సర్వీసులో ఆ గడి నింపిన ప్రతిసారీ నా చెయ్యి వణికింది. తల్లి చెప్పినదే రాశాను. ఏ తల్లినీ తప్పుపట్టలేను. ఏటా ఆగస్టు పదిన మీరు నల్లబ్యాడ్జీలు పెట్టుకొని నిరసన తెలుపుతారు, అది మంచిదే. ఆ రోజు మీతో పాటు ఒక పల్లె బడి పంతుల్నీ వేదిక ఎక్కించండి. ఆ గడి ముందు కూర్చుని కలం పట్టుకున్నవాడు ఆయన.

గుర్రం జాషువా గారు మిషను బడిలో నెలకు మూడు రూపాయల జీతానికి పంతులుగా మొదలయ్యారు. వినుకొండ నుంచి రోజూ మైళ్ళకు మైళ్ళు నడిచి వెళ్ళేవారు. తర్వాత గుంటూరులో లూథరన్ వాళ్ళ ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్ళు చదువు చెప్పారు. పురాణ కథలు పద్యాలుగా రాస్తున్నాడని మన సంఘం వాళ్ళే ఆయన్ని నిరసించారు కూడా. ఆయన పేరు మనం ఇప్పుడు గర్వంగా చెప్పుకుంటాం. ఆ మూడు రూపాయల పంతుళ్ళు ఎంతమందో! వాళ్ళలో కవులు కానివాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. పొగాకు ఆకు గుచ్చే రోజుల్లో బడి ఖాళీ అయితే వాళ్ళు పలకలు చంకన పెట్టుకొని బేరన్ల దగ్గరికే పోయి, మధ్యాహ్నం అన్నాల వేళ పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకొని చదివించారు. రాత్రిపూట లాంతరు వెలిగించి పెద్దవాళ్ళకు సంతకం నేర్పారు. మా అమ్మ వేలిముద్ర వేయడం మానేసి 'మరియమ్మ' అని రాసింది ఆ లాంతరు కిందే.

ఇక ప్రభుత్వం మాట. 1854లో ఉడ్ గారి డిస్పాచ్‌తో మొదలైన గ్రాంటు విధానం మన బళ్ళను ఒకటిన్నర శతాబ్దం మోసింది. ఆ తర్వాత పోస్టులు నింపడం ఆగిపోయింది. 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో ఎయిడెడ్ సిబ్బందినీ, కావాలంటే ఆస్తుల్నీ అప్పగించమన్నప్పుడు తల్లిదండ్రులు రోడ్డెక్కారు. నవంబరుకల్లా వెనక్కి తగ్గి, ఎయిడెడ్‌గా కొనసాగే వీలు ఇచ్చారు. అప్పుడు మన బడిని కాపాడింది ఆ తల్లిదండ్రులు. వాళ్ళలో చాలామంది ఆదివారం మన గుడికి రానివాళ్ళు. మీకు ఇది గుర్తు చేయడం నా బాధ్యత.

అడగవలసినవి అడుగుతాను. పల్లెలో ఉన్న బడి స్థలాన్ని షట్టర్లకు ఇవ్వకండి. ఇవ్వక తప్పదనుకుంటే ఆ ఊరి తల్లుల్ని కూర్చోబెట్టి అడిగాక ఇవ్వండి. ప్రభుత్వం పోస్టు వేసేదాకా ప్రతి బడికీ సంఘం డబ్బుతో ఒక టీచరు జీతం కట్టండి. ఒక పెద్ద ఉజ్జీవ కూటానికి పందిళ్ళకీ, మైకులకీ, లైట్లకీ అయ్యే ఖర్చు నాకు తెలుసు, అందుకే ఇది అడగగలుగుతున్నాను. టీచరు పోస్టుకు ఎవరి దగ్గరా రూపాయి తీసుకోనివ్వకండి. అప్పుచేసి ఉద్యోగం కొనుక్కున్నవాడు గ్లాసు తీసుకొని అందరి ముందు నీళ్ళు తాగే పంతులు కాలేడు. మన కుట్టుపని అమ్మగార్ల లాగా, బైబిలు స్త్రీల లాగా ఇల్లిల్లూ తిరిగి ఆడపిల్లల్ని బడికి తెచ్చే మనుషుల్ని మళ్ళీ పెట్టండి. మా ఊళ్ళో ఐదో తరగతి తర్వాత నిరుడు ఇద్దరు ఆడపిల్లలు ఆగిపోయారు. ఇంటికి వెళ్ళి నేను మాట్లాడాను. ముసలివాణ్ణి, మర్యాదగా కుర్చీ వేసి టీ ఇచ్చారు, పిల్లల్ని మాత్రం పంపలేదు. ఆడమనిషి వెళ్ళి తల్లి పక్కన కూర్చుని చెప్పవలసిన మాట అది.

పదిహేడుమందికి ఒక బడి ఎందుకని మీ కమిటీలో ఎవరో అన్నారని విన్నాను. ఆ పదిహేడుమందిలో ఒకడికి మాట నత్తి. ఊళ్ళో పెద్ద ప్రైవేటు స్కూలుకు పంపితే పదిరోజులకే ఏడుస్తూ తిరిగొచ్చాడు. మా బడిలో వాడు చదివే పాఠం అయ్యేదాకా మిగతా పదహారుమందీ ఎదురుచూస్తారు. ఎవ్వరూ నవ్వరు. వాడు ఒక వాక్యం ముగించడానికి ఎంతసేపు పట్టినా మాకు తొందర లేదు. చిన్న బడి కాబట్టి ఇది కుదురుతుంది. అరవైమంది ఉన్న గదిలో ఎంత మంచి టీచరుకైనా ఆ తీరిక దొరకదు.

వేసవి సెలవులయ్యాక జూన్ 12న బడి తెరుస్తాం. మీలో ఎవరైనా రండి. ఆదివారం కాకుండా మామూలు రోజు రండి. ముందుగా కబురు పెట్టకండి, పెడితే పిల్లలు పూలదండల కోసం ఇంట్లో డబ్బులడుగుతారు. తొమ్మిదింటికి వేపచెట్టుకు వేలాడదీసిన రైలుపట్టా ముక్కతో గంట కొడతాం. బడిలో ఉన్నది ఒకే కుర్చీ, అది టీచరమ్మకు కావాలి. మీకు చాప వేస్తాను. నత్తి ఉన్న పిల్లవాడు ఇప్పుడు రెండో తరగతి వాచకంలో ఆరో పాఠం చదువుతున్నాడు, మీరు వచ్చేనాటికి ఏడోదాంట్లో ఉంటాడు.

ఇట్లు,
మన సంఘంలో బాప్తిస్మం పొంది, మన బడిలోనే ఓనమాలు దిద్దిన
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు